కాలేయంలోని నిరపాయ గడ్డల్లో ఎలాస్టిక్ నారలు: డెల్టా ల్యాబ్‌లో స్టెయిన్ చేయడం, చదవడం

అమలాపురంలోనో భీమవరంలోనో కడుపు స్కానింగ్‌కి వెళ్తే కాలేయంలో అనుకోని గడ్డ బయటపడటం ఇప్పుడు మామూలైపోయింది. చాలావాటికి ముక్క తీయాల్సిన పనే ఉండదు. హీమాంజియోమా (రక్తనాళాల గడ్డ), ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా (కాలేయ కణాలు ఒకచోట ముద్దగా పెరిగినది) ఎక్కువగా సీటీ, ఎమ్మారైలలోనే తేలిపోతాయి. తేలనివి మాత్రం ల్యాబ్ బల్ల మీదికి వస్తాయి. హెచ్ అండ్ ఈ (ల్యాబ్‌లో మొదట వేసే మామూలు రంగు) స్లైడ్‌లో చూస్తే గులాబీ రంగు మేట, అందులో మందపాటి నాళాలు, చుట్టూ చిన్న చిన్న పిత్తనాళికలు. ఇది పాత మచ్చా, కణాలు చచ్చి ఈమధ్యే కుంగిన చోటా, అమిలాయిడా (కణజాలంలో పేరుకునే అసహజ ప్రొటీన్), మూసుకుపోయిన హీమాంజియోమానా? బ్లాకును (ముక్కను మైనంలో పోసిన దిమ్మ) ఇమ్యునో స్టెయిన్ల (యాంటీబాడీలతో ప్రొటీన్లను గుర్తించే రంగులు) కోసం హైదరాబాదో విశాఖో పంపేముందే, ఒక్క పూటలో మన దగ్గరే చేయగలిగిన ఎలాస్టిక్ స్టెయిన్ (సాగే నారలను చూపే రంగు) ఈ ప్రశ్నల్లో సగానికి జవాబు చెబుతుంది.

దీనికో షరతుంది. ఇక్కడ "ఎలాస్టిక్ ఉంది" అన్న జవాబుకు ఎంత విలువో "లేదు" అన్న జవాబుకూ అంతే. కానీ లేదని రాయాలంటే, అదే స్లైడ్‌లో ఉండాల్సిన చోట అది నల్లగా కనబడి తీరాలి. కింద చెప్పే జాగ్రత్తలన్నీ అందుకోసమే.

వెతుకుతున్నది దేన్ని

ఎలాస్టిక్ నార ఒకే ప్రొటీన్ కాదు. నడిమి భాగం ఎలాస్టిన్. కణాలు బయటికి వదిలిన ట్రోపోఎలాస్టిన్‌ను, రాగి ఉంటేనే పనిచేసే లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఒకదానితో ఒకటి ముడివేస్తే అది తయారవుతుంది. దాని చుట్టూ 10 నుంచి 12 నానోమీటర్ల మందంలో సూక్ష్మ నారలుంటాయి. వాటిలో ముఖ్యమైనది ఫిబ్రిలిన్-1. ఈ రెంటినీ సరిగ్గా కూర్చడానికి ఫిబులిన్-4, ఫిబులిన్-5 వంటివి కావాలి.

ఇది ల్యాబ్‌లో ఎందుకు తెలియాలంటే, వెర్హాఫ్ స్టెయిన్ (ఇక్కడ ముఖ్యంగా వాడే ఎలాస్టిక్ స్టెయిన్) ఎలాస్టిన్ బాగా నిండిన ముదురు నారలనే చూపిస్తుంది. ఎలాస్టిన్ కొద్దిగానే ఉన్న ఎలౌనిన్ నారలకు మరో రెండు ఎలాస్టిక్ రంగులైన ఆర్సీన్ గాని రిసార్సిన్-ఫుక్సిన్ గాని మెరుగు. ఎలాస్టిన్ లేకుండా సూక్ష్మ నారలే ఉన్న ఆక్సిటాలాన్ అయితే ముందు పెరాసిటిక్ ఆసిడ్ వంటి దానితో ఆక్సీకరణ చేస్తే తప్ప కనబడదు. మామూలు కాలేయంలో సైనుసాయిడ్ల (సన్న రక్తమార్గాలు) పక్కనున్న డిస్సే జాగాలో ఫిబ్రిలిన్-1 ఉంటుంది, ఎలాస్టిన్ ఉండదు. అందుకే లోబ్యూల్ (కాలేయపు చిన్న విభాగం) లోపల వెర్హాఫ్‌లో ఏమీ కనబడకపోవడం సహజం. పోర్టల్ ట్రాక్టులు (ధమని, సిర, పిత్తనాళం కలిసి ఉండే చోట్లు), ధమనుల గోడలు, పెద్ద సిరల గోడలు, గ్లిసన్ పొర (కాలేయపు పైపొర) మాత్రం నల్లబడాలి. స్లైడ్‌లోనే దొరికే కంట్రోల్ (రంగు సరిగ్గా పట్టిందని చూపే పోలిక) ఇదే.

ముక్క చెడిపోకుండా ల్యాబ్ దాకా

ఏప్రిల్, మే ఎండల్లో కాలేయం గంటల్లోనే మెత్తబడిపోతుంది. తీసిన వెంటనే ఫార్మలిన్‌లో పడాలి. సెలైన్‌లో ఉంచి "సాయంత్రం పంపుతాం" అంటే ఒప్పుకోవద్దు. బఫర్ చేసిన 10% ఫార్మలిన్ లీటరుకు: మార్కెట్లో దొరికే 37–40% ఫార్మాల్డిహైడ్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రా., నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రా. ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. సూది బయాప్సీని 6 గంటలకు తగ్గకుండా ఫిక్స్ చేయాలి. ఆపరేషన్‌లో తీసిన పెద్ద ముక్కను సెంటీమీటరు లోపు మందంలో పలకలుగా కోసి 24 నుంచి 48 గంటలు ఉంచాలి. కోయకుండా డబ్బాలో పడేస్తే పై అంచు గట్టిపడి లోపలంతా కుళ్లుతుంది.

బఫర్ లేకుండా, చేతికందిన బోరు నీళ్లతో కలిపిన ఫార్మలిన్ వాడే చోట్ల ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. ఆ ద్రవం నిల్వలో పులిసి ఆమ్లంగా మారుతుంది. రక్తం ఎక్కువున్న కణజాలంలో ముదురు గోధుమ-నలుపు రేణువులు దిగుతాయి. కాలేయం, అందులోనూ హీమాంజియోమా, దీనికి అచ్చంగా తగిన చోటు. ఎలాస్టిక్ స్లైడ్‌లో ఈ రేణువులను తెగిపోయిన నారలుగా పొరబడే ప్రమాదముంది. రంగు వేయని సెక్షన్‌లో కూడా అవి కనబడితే అది ఫార్మలిన్ పిగ్మెంటే. పిక్రిక్ ఆసిడ్‌తో సంతృప్తం చేసిన ఆల్కహాల్‌లో సెక్షన్‌ను ఉంచితే పోతుంది. తర్వాత నీళ్లలో బాగా కడిగి స్టెయిన్ మొదలుపెట్టాలి.

రాజోలు, సఖినేటిపల్లి వైపు నుంచి పంటు మీదో ఆర్టీసీ కార్గోలోనో వచ్చే డబ్బాలకు వెడల్పు మూతి, బిగుతైన మర మూత ఉండాలి. మూత చుట్టూ టేపు వేసి, దాన్ని మరో కవర్లో పెట్టి పంపమనండి. లేబుల్ డబ్బా మీద ఉండాలి, మూత మీద కాదు. ఇంజెక్షన్ సీసాలో సన్న మూతి గుండా కుక్కిన ముక్క గట్టిపడ్డాక బయటికి రాదు, పగలగొట్టి తీయాల్సి వస్తుంది.

ఏ ముక్క తీసుకోవాలి, ఎన్ని సెక్షన్లు

పెద్ద ముక్కలో గడ్డ మధ్యభాగం ఒక్కటే తీసుకుంటే సగం కథే దొరుకుతుంది. గడ్డ, మామూలు కాలేయం కలిసే అంచు నుంచి ఒకటి, మధ్య మచ్చ నుంచి ఒకటి, గడ్డ పైపొరను ఆనుకుని ఉంటే ఆ పొరతో సహా ఒకటి, దూరంగా ఉన్న మామూలు కాలేయం నుంచి ఒకటి తీయండి. సూది బయాప్సీ అయితే గడ్డ బయటి కాలేయం నుంచి కూడా ఒక కోర్ (సూదితో తీసిన సన్న ముక్క) పంపమని రేడియాలజిస్టును ముందే అడగాలి.

సూది ముక్కను మళ్లీ మళ్లీ బ్లాకులో బిగించి కోస్తే ప్రతిసారీ కొంత కణజాలం వృథా అవుతుంది. ఒకే విడతలో పది, పన్నెండు స్లైడ్లు కోసి పెట్టుకోండి. హెచ్ అండ్ ఈ 4 మైక్రాన్లలో, వెర్హాఫ్, ఆర్సీన్ 5 మైక్రాన్లలో, అమిలాయిడ్‌ను చూపే కాంగో రెడ్‌కి 8 నుంచి 10 మైక్రాన్లలో. మిగతావి ఇమ్యునో కోసం చార్జ్డ్ స్లైడ్ల (సెక్షన్ ఊడకుండా పట్టుకునేవి) మీద. మచ్చ గట్టిగా, పక్క కాలేయం మెత్తగా ఉండటంతో కోసిన సెక్షన్ల రిబ్బన్ ముడతలు పడుతుంది. బ్లాకును ఐసు మీద బాగా చల్లబరిచి, కొత్త బ్లేడుతో నెమ్మదిగా కోయాలి. ముడత పడ్డచోట రంగు రెట్టింపు పట్టి నల్లటి పట్టీలా కనబడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. వానాకాలం తేమలో స్లైడ్ ఆరినట్టు కనిపించినా ఆరదు. 60 డిగ్రీల ఓవెన్లో గంటసేపు ఉంచకపోతే ఫెర్రిక్ క్లోరైడ్‌లో కదిపేటప్పుడు సెక్షన్ ఊడి జార్ అడుగున తేలుతుంది.

ద్రావణాలు

వెర్హాఫ్ మిశ్రమానికి మూడు ద్రావణాలు కావాలి. మొదటిది: హీమటాక్సిలిన్ 5 గ్రా., అబ్సల్యూట్ ఆల్కహాల్ 100 మి.లీ. గోరువెచ్చని నీటితొట్టిలో పెట్టి కరిగించాలి, మంట దగ్గరికి తీసుకెళ్లకూడదు.

రెండోది: ఫెర్రిక్ క్లోరైడ్ 10 గ్రా., డిస్టిల్డ్ వాటర్ 100 మి.లీ.

మూడోది: అయోడిన్ 1 గ్రా., పొటాషియం అయోడైడ్ 2 గ్రా., నీరు 100 మి.లీ. ముందు పొటాషియం అయోడైడ్‌ను కొద్ది నీళ్లలో కరిగించి, అందులో అయోడిన్ వేసి కరిగాక మిగతా నీళ్లు పోయాలి. నేరుగా నీళ్లలో వేస్తే అయోడిన్ కరగదు.

వాడే ముందు మొదటిది 20 మి.లీ., రెండోది 8 మి.లీ., మూడోది 8 మి.లీ. ఇదే వరసలో, ఒక్కొక్కటి పోశాక కలుపుతూ చేర్చాలి. పెద్ద జార్ అయితే 30, 12, 12. ఈ మిశ్రమం ఆ రోజుకే. నిన్నటిది మిగిలిందని వాడితే సన్న నారలు పోతాయి, లావువే మిగులుతాయి.

మన వాతావరణంలో అన్నిటికంటే ముందు చెడేది ఫెర్రిక్ క్లోరైడ్. అది గాలిలో తేమను పీల్చుకుని జిగురుముద్దగా, చివరికి ద్రవంగా మారుతుంది. ఆ ముద్దలోంచి 10 గ్రాములు తూస్తే అందులో చాలావరకు నీళ్లే. స్టెయిన్ బలహీనపడుతుంది, టెక్నీషియన్ మాత్రం హీమటాక్సిలిన్‌ను తప్పుపడతాడు. చిన్న సీసాలు కొనండి. తెరిచిన రోజు మొత్తాన్నీ ఒకేసారి 10% ద్రావణంగా చేసి పెట్టుకోండి. డిఫరెన్షియేషన్‌కు (అదనపు రంగును లాగేసే మెట్టు) కావాల్సిన 2% ద్రావణం అందులోంచే వస్తుంది: 20 మి.లీ.కి 80 మి.లీ. డిస్టిల్డ్ వాటర్. అయోడిన్ సంగతి ఇంకోలా ఉంటుంది. వేసవిలో మూత వదులైతే అది ఆవిరైపోయి, ద్రావణం ముదురు గోధుమ రంగు నుంచి టీ రంగుకు దిగుతుంది. అలా పాలిపోయినదాన్ని పారబోయాలి.

వాన్ గీసన్ (వెర్హాఫ్ తర్వాత కొలాజెన్‌కు ఎరుపు, కండరానికి పసుపు ఇచ్చే రంగు): సంతృప్త పిక్రిక్ ఆసిడ్ ద్రావణం 100 మి.లీ., 1% ఆసిడ్ ఫుక్సిన్ 5 మి.లీ. పిక్రిక్ ఆసిడ్ ఎండితే పేలుడు పదార్థం. పొడిగా కొనకండి, సంతృప్త ద్రావణంగానే తెప్పించుకోండి. పాత సీసా మూత చుట్టూ పసుపు పచ్చని పొక్కు కట్టి ఉంటే మూత తిప్పే ప్రయత్నం చేయవద్దు, రాపిడి చాలు ప్రమాదానికి. దాన్ని కదపకుండా, భద్రతాధికారికి చెప్పి తీయించాలి.

స్టెయిన్ చేసే క్రమం

జైలీన్‌లో మైనం తీసి, ఆల్కహాళ్ల గుండా డిస్టిల్డ్ వాటర్‌కు తేవాలి. పక్కనే ఒక కంట్రోల్ స్లైడ్ కూడా. మహాధమని లేదా ఏదైనా పెద్ద ధమని ముక్క బ్లాకు చేసి పెట్టుకుంటే ఏళ్లపాటు వస్తుంది.

వెర్హాఫ్ మిశ్రమంలో 30 నిమిషాలు. సెక్షన్ పూర్తిగా నల్లబడాలి. నల్లబడకపోతే గంటదాకా ఉంచవచ్చు. అప్పటికీ బూడిద రంగులోనే ఉంటే మిశ్రమం చెడినట్టే, ఇంకాసేపు ఉంచినా లాభం లేదు. రెండు మూడు సార్లు నీళ్లు మార్చి కడగాలి.

తర్వాతి మెట్టులోనే స్లైడ్ బాగుపడేదీ పాడయ్యేదీ. 2% ఫెర్రిక్ క్లోరైడ్‌లో స్లైడ్‌ను కదుపుతూ ఉంచాలి. పుస్తకంలో ఒకటి రెండు నిమిషాలని ఉంటుంది. గది 36 డిగ్రీలున్న మధ్యాహ్నం అంతకంటే త్వరగా అయిపోతుంది. గడియారాన్ని నమ్మకండి, కళ్లను నమ్మండి. కొన్ని క్షణాలకొకసారి తీసి నీళ్లలో ముంచితే ఆ పని ఆగుతుంది. తడి స్లైడ్‌నే 10 రెట్ల ఆబ్జెక్టివ్ కింద పెట్టి ఒక పోర్టల్ ట్రాక్టులోని ధమనిని వెతకండి. దాని లోపలి ఎలాస్టిక్ పొర చిక్కటి నల్లని గీతలా, చుట్టూ ఉన్న హెపటోసైట్లు (కాలేయ కణాలు) లేత బూడిద రంగులో ఉన్నప్పుడు ఆపాలి. ఇంకొంచెం శుభ్రం చేద్దామనిపించే ఘడియకు ముందే ఆపడం మంచిది. ఎందుకంటే తర్వాత వచ్చే వాన్ గీసన్‌లోని పిక్రిక్ ఆసిడ్ కూడా కొంత నలుపును లాగేస్తుంది. ఎక్కువ పోయిందనిపిస్తే, ఆల్కహాల్ తగలక ముందైతే నీళ్లలో కడిగి మళ్లీ వెర్హాఫ్‌లో పెట్టవచ్చు.

5% సోడియం థయోసల్ఫేట్‌లో ఒక నిమిషం ఉంచితే అయోడిన్ మరక పోతుంది. నీళ్లలో 5 నిమిషాలు కడిగి, వాన్ గీసన్‌లో 3 నుంచి 5 నిమిషాలు.

ఆ తర్వాత నీళ్లు ముట్టించకూడదు. నేరుగా 95% ఆల్కహాల్, అబ్సల్యూట్ ఆల్కహాల్, జైలీన్, డీపీఎక్స్ (స్లైడ్ మీద గాజు మూత అతికించే జిగురు), త్వరత్వరగా. క్షారగుణమున్న బోరు నీళ్లలో ఒక్కసారి ముంచినా కొలాజెన్ ఎరుపు కరిగిపోతుంది. ధవళేశ్వరం కింద కాలువలు కట్టేసే వేసవి వారాల్లో చాలా ల్యాబ్‌లు కుళాయి నుంచి బోరుకు మారతాయి. "ఏప్రిల్ నుంచి ఎరుపు రావడం లేదు" అన్న ఫిర్యాదు వస్తే మొదట చూడాల్సింది నీళ్లనే.

సరిగ్గా వస్తే ఎలాస్టిక్ నారలు, కణ కేంద్రకాలు నలుపు, కొలాజెన్ ఎరుపు, కండరం, హెపటోసైట్లు పసుపు. అంతా ఎర్రగా ఉండి పసుపు రాకపోతే పిక్రిక్ ఆసిడ్ సంతృప్తంగా లేదన్నమాట. జైలీన్ పాలలా తెల్లబడితే చివరి ఆల్కహాల్ తేమ పీల్చుకుంది. ఆ జార్ అడుగున నీరులేని కాపర్ సల్ఫేట్ పోసి పైన ఫిల్టర్ కాగితం పరవండి. అది తెలుపు నుంచి నీలానికి మారగానే ఆల్కహాల్ మార్చాలి. నవంబరు ముసురు రోజుల్లో ఈ గుర్తు చాలా ఆదుకుంటుంది.

ఆర్సీన్ ఎప్పుడు

వీలుంటే రెండూ చేయండి. షికాటా పద్ధతి ఆర్సీన్‌కు కాలేయంలో అదనపు లాభముంది. ఎలాస్టిక్ నారలతో పాటు హెపటైటిస్ బి ఉపరితల యాంటిజెన్ నిండిన కణాలను, రాగితో కలిసి ఉండే ప్రొటీన్‌ను కూడా చూపిస్తుంది. గడ్డ బయటి కాలేయంలో బి వైరస్ ఆనవాలు దొరికితే గడ్డను చూసే దృష్టే మారాలి.

ఆమ్లం కలిపిన పొటాషియం పర్మాంగనేట్‌ను అప్పటికప్పుడు చేసుకోవాలి: 0.5% ద్రావణం 95 మి.లీ., 3% సల్ఫ్యూరిక్ ఆసిడ్ 5 మి.లీ. అందులో 5 నిమిషాలు. కడిగి, గోధుమ రంగు పోయేదాకా 1% ఆక్సాలిక్ ఆసిడ్. బాగా కడిగి, 70% ఆల్కహాల్‌లో చేసిన 1% ఆర్సీన్ 100 మి.లీ.కి గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ 1 మి.లీ. కలిపిన దానిలో 90 నిమిషాలు. జార్ మూత బిగుతుగా ఉండాలి, లేకపోతే ఆల్కహాల్ ఆవిరై రంగు సెక్షన్ మీద పేరుకుంటుంది. 1% ఆసిడ్ ఆల్కహాల్‌లో నేపథ్యం తేలికయ్యేదాకా తీసి, డీహైడ్రేట్ చేసి మౌంట్ చేయాలి. ఆర్సీన్ ఒక్కో బ్యాచ్ ఒక్కోలా పనిచేస్తుంది. కొత్త సీసా తెరిచినప్పుడు కంట్రోల్ మీద చూడకుండా రోగి స్లైడ్ వేయవద్దు.

స్లైడ్ చదవడం

నలుపు ఉందా లేదా అని కాకుండా, ఎక్కడుంది అని చూడండి: నాళాల గోడల్లోనా, పట్టీల్లోనా, మేటగానా.

నాళాల గోడల్లో అయితే ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియాను తలచుకోవాలి. మధ్య మచ్చలో మందపాటి ధమనులుంటాయి. లోపలి పొర ఒకవైపు ఎక్కువగా ఉబ్బి ఉంటుంది. ఎలాస్టిక్ పొర తెగి, పోగులు విడిపోయి, అక్కడక్కడ మాయమై ఉంటుంది. వయసు మళ్లినవాళ్లలో, బీపీ ఉన్నవాళ్లలో కూడా ధమనుల ఎలాస్టిక్ పొర రెండు మూడు వరసలు కడుతుంది, కానీ ఆ వరసలు గుండ్రంగా, క్రమంగా ఉంటాయి. దూరంగా ఉన్న మామూలు కాలేయపు ముక్క ఈ పోలిక కోసమే. నిర్ధారణకు ఇమ్యునో స్టెయిన్లలో గ్లూటమిన్ సింథటేజ్ పటంలా పరుచుకోవడం, సీకే7లో పిత్తనాళికలు కనబడటం చూడాలి.

హెపటోసెల్యులర్ అడినోమాలో (కాలేయ కణాల నిరపాయ గడ్డ) పోర్టల్ ట్రాక్టులు ఉండవు, తోడు లేని ధమనులుంటాయి. వాపు రకం అడినోమాతో మాత్రం జాగ్రత్త. అందులో మందపాటి ధమనులు, పిత్తనాళికల్లాంటివి కనబడి హైపర్‌ప్లేసియా అనిపిస్తుంది. దాన్ని తేల్చేది ఎలాస్టిక్ కాదు, సీఆర్పీ, సీరం అమిలాయిడ్ ఏ, గ్లూటమిన్ సింథటేజ్ ఇమ్యునో స్టెయిన్లు. ఆంజియోమయోలైపోమా (నాళాలు, కండరం, కొవ్వు కలిసిన గడ్డ) నాళాల్లో సరైన ఎలాస్టిక్ పొర ఉండదు. అది చూసి అనుమానం వస్తే హెచ్ఎంబీ-45 ఇమ్యునో స్టెయిన్ చేయించాలి.

పట్టీల్లో నలుపు కాలాన్ని చెబుతుంది. హెపటోసైట్లు ఈమధ్యే చచ్చి రెటిక్యులిన్ (కణాలను నిలబెట్టే సన్న నారలు) చట్రం కుంగిన చోట కొత్త ఎలాస్టిక్ ఉండదు. పాతబడిన మచ్చలో ఉంటుంది. హెచ్ అండ్ ఈలో రెండూ ఒకేలా కనబడతాయి. మూసుకుపోయి గట్టిపడ్డ హీమాంజియోమాలోనైతే ఎర్రని కొలాజెన్ మధ్య పాత నాళాల గోడల ఆకారాలు నల్లగా తేలవచ్చు, ఆ ఖాళీ గదుల గీతలే గుర్తింపు. పక్కన బంగారు గోధుమ రేణువులుంటే పెర్ల్స్ స్టెయిన్‌తో పాత రక్తస్రావపు ఇనుమును నిర్ధారించుకోండి.

మేటగా ఉన్నదే తరచుగా దారి తప్పిస్తుంది. కాలేయంలో ఒక భాగం కుంచించుకుపోయి పైపొర కింద గడ్డలా కనబడే సెగ్మెంటల్ అట్రోఫీని 2011లో ఒక ప్రత్యేక నకిలీ కణితిగా వర్ణించారు. మొదటి దశలో కుంగిన కణజాలం, పిత్తనాళికల గుంపులు, వాపు కణాలు ఉంటాయి, ఎలాస్టిక్ కొద్దిగానే. తర్వాత ఎలాస్టిక్ పెరుగుతూ పోయి, నాడ్యులర్ ఎలాస్టోసిస్ అనే దశలో గడ్డంతా దాదాపు అదే. చివరికి ఎక్కువభాగం కొలాజెన్ మచ్చగా మిగులుతుంది. దగ్గర్లో మూసుకుపోయిన, గోడ మందమైన నాళాలు కనబడతాయి. రక్తప్రసరణ దెబ్బతినడమే దీనికి మూలమని భావిస్తారు.

ఇందులో పొరపాట్లు రెండు చోట్ల. మొదటి దశలోని పిత్తనాళికల గుంపును కోలాంజియోకార్సినోమా (పిత్తనాళాల క్యాన్సర్) అనుకోవడం. ఎలాస్టోసిస్ దశలోని లేత గులాబీ మేటను అమిలాయిడ్ అనుకోవడం. రెండోదానికి వెర్హాఫ్, కాంగో రెడ్ పక్కపక్కనే వేస్తే చాలు. వెర్హాఫ్‌లో నల్లటి చిక్కని నారల వల, కాంగో రెడ్‌లో ధ్రువిత కాంతి కింద ఆపిల్ పచ్చ లేకపోవడం. కాంగో రెడ్‌కు కూడా కంట్రోల్ పెట్టాల్సిందే. ఇంకా సందేహముంటే పక్క సెక్షన్‌ను ఎలాస్టేజ్ ఎంజైమ్‌తో కరిగించి మళ్లీ స్టెయిన్ చేయవచ్చు. ఎలాస్టిక్ అయితే నలుపు పోతుంది. మొదటిదానికి మాత్రం ఎలాస్టిక్ సరిపోదు. కణాల కేంద్రకాలు, అవి లోపలికి చొచ్చుకుపోతున్న తీరు చూసి తేల్చాలి.

ఎలాస్టిక్ ఎక్కువుంది కాబట్టి నిరపాయమని ఎప్పుడూ రాయకండి. రొమ్ము క్యాన్సర్ చుట్టూ ఎలాస్టోసిస్ ఏర్పడటం తెలిసిన సంగతే. ప్రాణాంతక కణాలు ఒక మూల దాగి ఉండవచ్చు. గడ్డ నుంచి వచ్చిన ప్రతి బ్లాకునూ, ప్రతి లెవెల్‌నూ (బ్లాకులో ఇంకా లోతుగా కోసిన సెక్షన్లు) చూశాకే ఆ మాట. కంతికి పక్కనే కుంగిన కాలేయం ఉండి, సూది ఆ పక్కభాగంలోనే దిగి ఉండవచ్చు కూడా. స్కాన్‌లో చెప్పిన గడ్డ కొలత, సూది దిగిన చోటు రిపోర్టు రాసే ముందు రేడియాలజిస్టుతో ఫోన్‌లో సరిచూసుకోండి.

రిపోర్టులో రాయాల్సినవి: ఏ స్టెయిన్ చేశారు, కంట్రోల్ పనిచేసిందా, స్లైడ్‌లోని పోర్టల్ ధమనిలో ఎలాస్టిక్ కనబడిందా, గడ్డలో అది గోడల్లోనా పట్టీల్లోనా మేటగానా, రెటిక్యులిన్, కాంగో రెడ్ ఫలితాలు, గడ్డ బయటి కాలేయం ఎలా ఉంది. బ్లాకును పెద్ద సెంటరుకు పంపాల్సి వస్తే దానితో పాటు చార్జ్డ్ స్లైడ్ల మీద రంగు వేయని సెక్షన్లు, మీ వెర్హాఫ్ స్లైడ్, స్కాన్ రిపోర్టు నకలు పెట్టండి. మే నెలలో అయితే బ్లాకును చిన్న థర్మోకోల్ పెట్టెలో, గడ్డకట్టిన జెల్ ప్యాకు నేరుగా తగలకుండా కాగితంలో చుట్టి, పొద్దున బయల్దేరే బండికి ఇవ్వండి. ఎండలో ఆగిన వ్యానులో మైనం మెత్తబడితే ముక్క వంకరపోయి, మళ్లీ ఎంబెడ్ చేయాల్సి వస్తుంది.